రూపాబాయి ఫర్దూన్జీ

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున శస్త్రచికిత్స యను మాట వినినంతనే రోగి గుండె చెదరెడిది. కాలిపుండు ముదిరి కుళ్ళినను, ఎముక విరిగి చీము పట్టినను ఆ అవయవమును కోసివేయుట తప్ప వేఱు మార్గము లేకుండెను. నొప్పి తెలియకుండ చేయు నమ్మకమైన మందు వైద్యులయొద్ద లేదు. నలుగురు బలశాలులు రోగిని బల్లపై అదిమి పట్టుకొనెడివారు. ఎంత త్వరగ కోసిన ఆ వైద్యుడు అంత సమర్థుడని పేరు పొందెడివాడు. ఆ బాధను తలచుకొని చికిత్సకు రాక ఇంటనే ప్రాణములు విడిచినవారు అసంఖ్యాకులు.

ఈ దుస్థితి 1846వ సంవత్సరమున మారనారంభించెను. ఆ యేడు అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున ఒక రోగిచే ఈథరు ఆవిరిని పీల్పించి, అతనికి స్పృహ లేని సమయమున శస్త్రచికిత్స చేసిరి. మఱుసటి యేడు స్కాట్లండు దేశపు రాజధానియగు ఎడింబరోలో జేమ్సు యంగ్ సింప్సన్ అను ప్రసూతి వైద్యుడు ఈథరుకంటె మేలైన మందుకొఱకు వెదకుచుండెను. ఆయన రాత్రివేళ తన యింటి భోజనశాలలో ఇద్దఱు సహాయకులతో గూర్చుండి, వేర్వేఱు ద్రవముల ఆవిరిని తామే పీల్చి పరీక్షించుచుండెను. 1847 నవంబరు 4వ తేదీ రాత్రి వారు క్లోరోఫారము అను ద్రవమును పీల్చిరి. కొంతసేపు ఉల్లాసముగ మాటలాడుకొనిరి. అంతలో ముగ్గురును స్మృతి దప్పి బల్లక్రింద ఒరిగిరి. మెలకువ వచ్చిన పిమ్మట సింప్సన్ తాను వెదకుచున్నది దొరకినదని గ్రహించెను.

క్లోరోఫారము రంగు లేని ద్రవము. దాని వాసన తీయగా నుండును. అది నీటికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. ఈథరువలె సులభముగ మంట నంటుకొనదు. గుడ్డపై వేసి పీల్పించినచో అది మనిషిని నిద్రపుచ్చగలదు. 1853లో విక్టోరియా రాణి ప్రసవసమయమున ఈ మందునే పీల్చుటచే దాని కీర్తి లోకమంతట వ్యాపించెను.

కాని ఈ వరము వెంట ఒక శాపమును వచ్చినది. 1848 జనవరిలో ఇంగ్లండున పదునైదేండ్ల బాలిక యొకతె కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, కొద్ది నిముషములలోనే మరణించెను. అది మొదలు అచ్చటచ్చట ఇట్టి మరణములు సంభవింపసాగినవి. ప్రాణాపాయము లేని చిన్న చికిత్సకు వచ్చినవారు సైతము హఠాత్తుగ మరణించుచుండిరి. కారణమేమి? లండను వైద్యులలో పలువురు గుండె ఆగిపోవుటయే కారణమనియు, నాడిని కనిపెట్టుచుండవలెననియు వాదించిరి. ఎడింబరో వైద్యులు మొదట ఆగునది శ్వాసయనియు, శ్వాసను కనిపెట్టిన చాలుననియు వాదించిరి. ఈ వివాదము నలువది యేండ్లు సాగెను. తుదకు దానిని తేల్చుటకు పూనుకొన్న నగరము మన హైదరాబాదు. ఆ కార్యమున పాల్గొనిన వారిలో ఒక యువతి కలదు. ఆమెయే రూపాబాయి ఫర్దూన్జీ.

రూపాబాయి హైదరాబాదులోని ఒక పార్సీ కుటుంబమున జన్మించెను. అప్పుడు నల్లగొండ, పాలమూరు సీమలు నిజాము సంస్థానములో చేరియుండెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1884లో సంపూర్ణ రాజ్యాధికారమును చేపట్టెను. పాలమూరునకు మహబూబ్‌నగరమను పేరు 1890లో ఆయన పేరు మీదుగనే వచ్చినది.

ఆ దినములలో స్త్రీల ఆరోగ్యస్థితి మిక్కిలి దయనీయముగ నుండెను. నగరమున ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పరపురుషుని కంట బడరాదు. అతడు వైద్యుడైనను సరియే. తెర వెనుకనుండి చేయి చాచిన, వైద్యుడు నాడి చూచి మందు వ్రాసి పోవలసినదే. పల్లెలలో ప్రసవముల భారమంతయు మంత్రసానులదే. కాన్పు సుఖముగ జరిగిన సరి. బిడ్డ అడ్డము తిరిగినచో తల్లిబిడ్డలిద్దఱును దక్కుట అరుదు. పట్టణమున ఆసుపత్రి యుండియు, అందు స్త్రీలను ముట్టి చూడదగిన వైద్యురాలు లేకుండుటచే అది స్త్రీలకు మూసిన తలుపుతో సమానమే యయ్యెను.

హైదరాబాదు వైద్య పాఠశాల 1846లో స్థాపింపబడినది. కాలాంతరమున ఉస్మానియా వైద్య కళాశాలగా పెంపొందినది ఈ పాఠశాలయే. 1885లో ఎడ్వర్డు లారీ అను శస్త్రవైద్యుడు దాని బాధ్యతలను స్వీకరించెను. ఆయన ఎడింబరోలో జేమ్సు సైమ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యునియొద్ద విద్య నేర్చినవాడు. ఆయన పూనికవలనను, నిజాము ప్రభుత్వపు అనుమతివలనను ఆ సంవత్సరమే వైద్య పాఠశాల తలుపులు స్త్రీలకు తెఱవబడెను. ఐదుగురు స్త్రీలు విద్యార్థినులుగ చేరిరి. వారిలో రూపాబాయి యొకతె.

ఆనాడు ఇది సామాన్యమైన సంగతి కాదు. ఎడింబరో విశ్వవిద్యాలయము సైతము అప్పటికి స్త్రీలకు పట్టములిచ్చుట ఆరంభింపలేదు. మన దేశమున ఆనందీబాయి జోషి వైద్యవిద్యకై సముద్రములు దాటి అమెరికా పోవలసి వచ్చెను. ఆమె 1886లో పట్టము పొంది స్వదేశమునకు వచ్చి, మఱుసటి యేడే క్షయవ్యాధిచే మరణించెను. కలకత్తాలో కాదంబినీ గంగూలీ 1886లో వైద్యురాలయ్యెను. ఆ కాలముననే హైదరాబాదున ఐదుగురు స్త్రీలు పురుషులతోపాటు శరీరనిర్మాణమును, ఔషధముల గుణములను, శస్త్రచికిత్సా పద్ధతులను అభ్యసింపసాగిరి. రూపాబాయి నాలుగేండ్లు శ్రద్ధతో చదివి, 1889లో హకీము అను వైద్యపట్టమును పొందెను.

వైద్యురాలైన రూపాబాయి తన జీవితమును ఒక ప్రత్యేకమైన పనికి అంకితము చేసెను. అది రోగికి మత్తు ఇచ్చుట. ఆ కాలమున మత్తు ఇచ్చుట ప్రత్యేక విద్యగ పరిగణింపబడలేదు. సీమదేశములందు సైతము ఆ పనిని తఱచుగ అనుభవము లేని విద్యార్థులకో, చేతిక్రింది వైద్యులకో అప్పగించెడివారు. అందఱి చూపు కత్తి పట్టినవానిమీదనే. రోగి తలయొద్ద నిలుచున్నవారిని ఎవ్వరును లెక్కింపరు. కాని రోగి ప్రాణము నిజముగ వారి చేతిలోనే యుండెడిది.

ఆ పని యెట్టిదో తెలిసికొనిన దాని బాధ్యత అర్థమగును. గుడ్డను గొట్టమువలె మడచి, లోపల క్లోరోఫారము చుక్కలు వేసి, గాలి ధారాళముగ ఆడునట్లు రోగి ముఖముపై పట్టవలెను. తక్కువైనచో రోగి కోత నడుమ మేల్కాంచును. ఎక్కువైనచో మఱి మేల్కొనడు. కనురెప్ప లోపల మెల్లగ తాకినను కన్ను కదలనప్పుడు మత్తు పూర్తియైనదని గ్రహించి, మందును ఆపవలెను. నాలుక వెనుకకు జాఱి గొంతు నడ్డగింపకుండ దవడను ముందునకెత్తి పట్టవలెను. మొదటినుండి తుదివఱకు ఒక్క ఊపిరినైనను చూపు తప్పి పోనీయరాదు. శ్వాసలో గురక పుట్టినను, తడబాటు కలిగినను తక్షణమే గుడ్డ తీసివేయవలెను. దక్కను ఎండలలో క్లోరోఫారము త్వరగ ఆవిరియై పోవును గనుక చలిదేశపు లెక్కలు ఇచ్చట సరిపడవు. కనుక చేతికి అనుభవమును, మనసునకు నిలుకడయు కావలెను. రూపాబాయి ఈ పనిలో నైపుణ్యము సంపాదించెను.

ఇంతలో లారీ క్లోరోఫారము వివాదమును తేల్చుటకు పూనుకొనెను. నిజాము ప్రభుత్వపు సహాయముతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను ఏర్పడెను. జంతువులపై పరీక్షలు జరిపి, మొదట ఆగునది శ్వాసయే యని ఆ కమిషను ప్రకటించెను. లండనులోని లాన్సెట్టు అను ప్రఖ్యాత వైద్యపత్రిక ఆ నిర్ణయమును శంకించెను. అప్పుడు నిజాము వేయి పౌనులు ఇచ్చి, పత్రికవారే తమ ప్రతినిధిని పంపి పరీక్షలు మఱల జరిపింపవచ్చునని తెలియజేసెను. లాన్సెట్టు పక్షమున లాడర్ బ్రంటన్ అను సుప్రసిద్ధ వైద్య శాస్త్రజ్ఞుడు 1889లో హైదరాబాదు వచ్చెను.

ఆ సంవత్సరాంతమున రెండవ కమిషను పని జరిగెను. వందలాది జంతువులపై పరీక్షలు జరిపిరి. శ్వాస ఎప్పుడు ఆగినది, రక్తపుపోటు ఎప్పుడు తగ్గినది, గుండె ఎప్పుడు నిలిచినది యను వివరములను యంత్రసహాయమున గుర్తించిరి. ఎన్నో మూగజీవములు ఆ పరీక్షలలో బలియయ్యెను. మానవుల ప్రాణరక్షణకై అవి చెల్లించిన మూల్యమును మఱువరాదు. అప్పుడే పట్టము పొందిన రూపాబాయియు ఈ పరిశోధనలలో పాల్గొని మత్తు ఇచ్చుటలో తోడ్పడెను. సందేహముతో వచ్చిన బ్రంటన్ సైతము తుదకు లారీ అభిప్రాయమును అంగీకరించెను. 1890లో లాన్సెట్టు పత్రిక ఈ ఫలితములను విపులముగ ప్రకటించెను. హైదరాబాదు పేరు ప్రపంచమందలి వైద్యుల నోట మ్రోగెను.

పిమ్మట రూపాబాయి బ్రిటిషు రెసిడెన్సీ ఆసుపత్రియందును, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రియందును, కాలక్రమమున విక్టోరియా జనానా ఆసుపత్రియందును మత్తువైద్యురాలిగ పనిచేసెను. వీనిలో మొదటిది నేటి సుల్తాన్‌బజారు ఆసుపత్రి. రెండవదాని స్థానమున ఉస్మానియా ఆసుపత్రి వెలసినది. వైద్యురాలు తలయొద్ద నిలిచియున్నదను ధైర్యము స్త్రీలకు ఎంతటి ఊరటయో ఊహించుకొనవచ్చును. ముఖముపై గుడ్డ కప్పి స్పృహ పోగొట్టు వ్యక్తి స్త్రీయే యైనప్పుడు, ఘోషా స్త్రీ భయమును సంకోచమును కొంత విడిచి చికిత్సకు లోబడగలదు. ఈ విధముగ రూపాబాయి విద్య నొప్పిని మాత్రమే కాక, స్త్రీలకును ఆసుపత్రికిని నడుమనున్న అడ్డుగోడను సైతము కొంత తొలగించెను.

ఇరువదియేండ్ల అనుభవము గడించినను రూపాబాయి తన విద్య సంపూర్ణమైనదని తలంపలేదు. మత్తుమందు ఇచ్చుట చేతినేర్పు మాత్రమే కాదు. దాని వెనుక రసాయనశాస్త్రము కలదు. క్లోరోఫారమును వెలుతురులో గాలి తగులునట్లు నిలువయుంచినచో అది విడిపోయి ఫాస్జీను అను విషవాయువు పుట్టును. అందుచే దానిని ముదురు రంగు సీసాలలో నింపి, చీకటిలో భద్రపఱచవలెను. కొద్దిగ ఆల్కహాలు కలిపినచో అది చెడక నిలుచును. దీపపుమంట దగ్గఱ క్లోరోఫారము ఆవిరి వ్యాపించినను విషవాయువులు పుట్టును. ద్రవము ఎంత వేడికి ఎంత ఆవిరియగును, గాలిలో ఎన్ని పాళ్ళు కలిసిన నిద్రయగును, ఎన్ని పాళ్ళు మించిన మృత్యువగును అను విషయములు తెలియుటకు భౌతికశాస్త్ర మవసరము. సీసాలోని మందును గూర్చి తెలియనివారు రోగి ప్రాణమునకు పూచీపడజాలరు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన ఘోరమైన వరద హైదరాబాదును ముంచివేసెను. వేలకొలది ప్రజలు మరణించిరి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రియు ఆ వరదకు ఆహుతియయ్యెను. మఱుసటి సంవత్సరము, అనగా 1909లో, రూపాబాయి ఉన్నతవిద్యకై ఎడింబరోకు ప్రయాణమయ్యెను. వైద్యురాలై ఇరువదియేండ్లు గడచిన పిమ్మట ఆమె మఱల విద్యార్థినియయ్యెను. మత్తువైద్యమునకు ప్రత్యేకమైన పాఠ్యక్రమము ఆనాడు లేకుండెను. అందుచే ఆ వృత్తికి మూలాధారములైన భౌతిక రసాయనశాస్త్రములలో డిప్లొమాకై ఆమె చేరెను. అనీబిసెంటు ప్రోత్సాహము ఆమెకు ఈ కార్యమున తోడ్పడెను.

ఎడింబరోకును స్త్రీల రసాయనవిద్యకును సంబంధించిన ఒక వృత్తాంతము ఇచ్చట స్మరింపదగియున్నది. 1869లో సోఫియా జెక్స్ బ్లేక్ నాయకత్వమున కొందఱు స్త్రీలు ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకై చేరిరి. వారిలో ఎడిత్ పీచీ యనునామె 1870లో రసాయనశాస్త్ర పరీక్షయందు తొలిసారి పరీక్ష వ్రాసినవారందఱిలో ప్రథమురాలిగ నిలిచెను. హోప్ విద్యార్థివేతనము న్యాయముగ ఆమెకు రావలసియుండెను. కాని స్త్రీయను కారణమున దానిని ఆమెకీయక, ఆమెకంటె తక్కువ మార్కులు వచ్చిన పురుషున కిచ్చిరి. ఆ యేడే నవంబరులో ఆ స్త్రీలు పరీక్షకు పోవుచుండగ అల్లరిమూకలు వారిపై బురద చల్లి ద్వారమును మూసివేసిరి. ఎడిత్ పీచీ ఇతరదేశమున పట్టము పొంది వైద్యురాలై, 1883లో మన దేశమునకు వచ్చి బొంబాయిలో స్త్రీలకు సేవచేసెను. స్త్రీల రసాయనవిద్యకు ఇచ్చిన గౌరవమును వెనుకకు లాగికొనిన ఆ నగరముననే, దాదాపు నలువది సంవత్సరముల పిమ్మట, హైదరాబాదు స్త్రీ రసాయనశాస్త్రము నభ్యసించెను. ముందు నడచినవారు ముండ్లు త్రొక్కిన దారిలోనే వెనుకవారు నడువగలుగుదురు.

రూపాబాయి మఱల హైదరాబాదు చేరి తన వృత్తిని కొనసాగించెను. 1889లో ఆరంభించిన మత్తువైద్యమును ఆమె 1917వఱకు, అనగా దాదాపు ఇరువదియెనిమిది సంవత్సరములు, నగరమందలి ఆసుపత్రులలో సాగించెను. 1920లో క్లోరోఫారము ఆసుపత్రి సూపరింటెండెంటు పదవినుండి విరమించెను. పురుషులే పెత్తనము వహించుచుండిన కాలమున ఒక స్త్రీ ఆ పదవి నందుకొనుట ఆమె సమర్థతకు నిదర్శనము.

ఈ కథలో మిగిలియున్న విషయమొకటి కలదు. హైదరాబాదు కమిషను తీర్పు పూర్తిగ నిజమా? 1911లో గుడ్‌మన్ లెవీ యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు క్రొత్త పరీక్షలు జరిపెను. మత్తు తేలికగ నున్నప్పుడు క్లోరోఫారము గుండె కొట్టుకొను క్రమమును చెడగొట్టి హఠాత్తుగ ఆపివేయగలదని ఆయన నిరూపించెను. అనగా గుండెకు అపాయము లేదనిన లారీ వాదము తప్పు. లండను వైద్యుల భయము నిరాధారము కాదు. కాలిగోరు తీయించుకొనవచ్చిన బాలిక మరణమునకు ఇట్టిదే కారణమై యుండవచ్చును. అట్లని హైదరాబాదు కృషి వ్యర్థమైనదా? కాలేదు. మత్తు ఇచ్చువారు శ్వాసమార్గమును అడ్డులేకుండ చూడవలెనను సూత్రమును హైదరాబాదు వైద్యులు దృఢముగ చాటిరి. నేటికిని మత్తువైద్యులు నేర్చు మొదటి పాఠములలో నిది యొకటి. శాస్త్రమున ఒకరు కనుగొన్నదానిలోని లోపమును మఱియొకరు సవరింతురు. తప్పును అంగీకరించి సత్యమునకు మార్గమిచ్చుటయే శాస్త్రము గొప్పతనము. తాను నేర్చిన పద్ధతితో తృప్తిపడక, మందు స్వభావమును మూలమునుండి తెలిసికొన బయలుదేరిన రూపాబాయి ఈ మార్గమునకు చెందినదే.

ఇరువదవ శతాబ్ది మధ్యకాలమునాటికి క్లోరోఫారము వాడుక దాదాపు అంతరించినది. దానికంటె క్షేమకరమైన మందులు వచ్చినవి. శ్వాసను, నాడిని, రక్తమునందలి ప్రాణవాయువును అనుక్షణము చూపు యంత్రములు వచ్చినవి. మత్తువైద్యము గౌరవప్రదమైన ప్రత్యేకవిద్యయై, నల్లగొండ, మహబూబ్‌నగరముల యందు సైతము వైద్యకళాశాలలు వెలసినవి. అందు అనేకులైన బాలికలు చదువుచున్నారు.

రూపాబాయి పేరు బహుకాలము మఱుగున బడియుండెను. లారీని, బ్రంటన్‌ను గూర్చి గ్రంథములు వ్రాసినవారు ఆమెను తలంపలేదు. తరువాత వైద్యచరిత్రకారులు పాతకాగితములను శోధించి ఆమె సేవను వెలికి దీసిరి. ప్రపంచమున మత్తువైద్యమును వృత్తిగ చేపట్టిన తొలి స్త్రీ ఆమెయే యని పలువురు భావించుచున్నారు. శస్త్రచికిత్స ముగిసిన పిమ్మట రోగి కన్నులు తెఱచి కత్తి పట్టిన వైద్యునికి నమస్కరించును. తాను నిద్రించినంతసేపును తన ఊపిరిని కాచినవారి పేరు అతనికి తెలియదు. అట్టి పేరు తెలియని సేవకు ఇరువదియెనిమిదేండ్ల జీవితమును ధారపోసిన రూపాబాయి ఫర్దూన్జీ చిరస్మరణీయురాలు.